మూసిన తలుపుల వెనుక: నేర న్యాయ వ్యవస్థ పరిశోధనలో రహస్య పరిశీలన

బడికి తనిఖీ అధికారి వస్తున్నాడని ముందురోజే తెలిస్తే ఏం జరుగుతుందో విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. గోడలకు సున్నం పడుతుంది. రిజిస్టర్లు సర్దుకుంటాయి. బెత్తం బీరువాలోకి వెళ్తుంది. మర్నాడు అధికారి చూసి వెళ్ళేది నిజమైన బడినే. కానీ అది మామూలు రోజు బడి కాదు.

పోలీస్ స్టేషన్, జైలు, కోర్టు విషయంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. నేరాన్ని కనిపెట్టి, నిందితుణ్ణి విచారించి, దోషిని శిక్షించే ఈ యంత్రాంగాన్నంతటినీ కలిపి నేర న్యాయ వ్యవస్థ అంటారు. మనిషిని పట్టుకోవడానికి, బంధించడానికి, అవసరమైతే బలం వాడడానికి చట్టం అనుమతించిన వ్యవస్థ ఇది. అందులో ముఖ్యమైన పనులు చాలావరకు తలుపుల వెనుక జరుగుతాయి. లాకప్‌లో ఏం జరిగిందో లోపల ఉన్న ఇద్దరికే తెలుస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరి మాటకు విలువ ఎక్కువ, మరొకరి మాటకు తక్కువ. మరి బయటివారికి నిజం ఎలా తెలియాలి?

దీనికి పరిశోధకులు వెతుక్కున్న మార్గాల్లో ఒకటి రహస్య పరిశీలన. అంటే పరిశీలకుడు తానెవరో, ఎందుకు వచ్చాడో చెప్పకుండా ఆ చోట ఒకడిగా కలిసిపోయి, చూసినదాన్ని రాసిపెట్టుకోవడం. తానెవరో చెప్పి, అనుమతి తీసుకుని చూస్తే అది బహిరంగ పరిశీలన. రహస్య పరిశీలన ఎంతవరకు పనికివచ్చింది, ఎక్కడ దారి తప్పింది అనే ప్రశ్నలను కొన్ని చారిత్రక ఉదాహరణల ద్వారా ఈ పాఠంలో తెలుసుకుందాం.

1. అర్థశాస్త్రంలో గూఢపురుషులు

మారువేషంలో రాత్రిపూట నగరం తిరిగే రాజు కథలు మనకు కొత్త కాదు. కథలను పక్కన పెడితే, పాలనలో రహస్య పరిశీలనను ఒక పద్ధతిగా వివరించిన ప్రాచీన గ్రంథం కౌటిల్యుని అర్థశాస్త్రం. మైసూరులో దొరికిన తాళపత్ర ప్రతి ఆధారంగా ఆర్. శామశాస్త్రి దీని మూలాన్ని 1909లో ప్రచురించారు. విద్యార్థిగా, సన్యాసిగా, గృహస్థుగా, వర్తకుడిగా, తాపసిగా వేషం వేసుకుని సమాచారం సేకరించే గూఢపురుషులను గురించి ఈ గ్రంథం వివరంగా చెబుతుంది.

మన విషయానికి సంబంధించిన భాగం నాలుగో అధికరణంలో ఉంది. దాని పేరు కంటకశోధనం. రాజ్యానికి ముళ్ళలా మారినవారిని ఏరివేయడం దీని విషయం. ఆ ముళ్ళలో న్యాయం చెప్పే అధికారులను కూడా కౌటిల్యుడు చేర్చాడు. న్యాయాధికారి మీద అనుమానం వస్తే గూఢచారి అతని దగ్గరకు వెళ్ళి, ఫలానా నిందితుడు తన బంధువని, డబ్బు తీసుకుని అతన్ని గట్టెక్కించమని అడగాలి. అధికారి ఒప్పుకుంటే లంచగొండిగా తేల్చి దేశం నుంచి వెళ్ళగొట్టాలి. ఇవాళ మనం స్టింగ్ ఆపరేషన్ అనే దానికి ఇది చాలా దగ్గరగా ఉంది.

అదే గ్రంథంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒక్క గూఢచారి చెప్పిన మాటను నమ్మడానికి లేదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు ఒకే మాట చెప్పినప్పుడే దాన్ని నమ్మాలి. మాటిమాటికీ పొరపడే గూఢచారిని తొలగించాలి లేదా గుట్టుగా శిక్షించాలి. దాగి ఉన్న కంటికి ఎంత ఉపయోగం ఉందో అంత ప్రమాదమూ ఉందని ఆనాడే గ్రహించారు. అయితే ఆ కన్ను రాజు కోసం చూసింది. ప్రజల కోసం, జ్ఞానం కోసం చూసే పరిశోధన ఆధునిక కాలంలో వచ్చింది.

2. ఆబర్న్ జైలులో టామ్ బ్రౌన్

1913లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం జైళ్ళ సంస్కరణ కోసం ఒక కమిషన్‌ను నియమించింది. దాని అధ్యక్షుడు థామస్ మాట్ ఆస్‌బోర్న్. ఫైళ్ళు చదివితే జైలు అర్థం కాదని ఆయన భావించాడు. ఆ ఏడాది సెప్టెంబరు చివర ఆబర్న్ జైలులో ఖైదీగా చేరాడు. పేరు టామ్ బ్రౌన్ అని మార్చుకున్నాడు. ఖైదీ దుస్తులు వేసుకున్నాడు. ఇరుకు గదిలో పడుకుని, బుట్టలల్లే పనిలో మిగిలిన ఖైదీలతో కలిసి పనిచేశాడు. ఒక రాత్రి శిక్షా గదిలో కూడా గడిపాడు.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. వేషం వేసుకున్నా ఆయన ఎవరినీ మోసగించలేదు. తాను వస్తున్నానని, ఎందుకు వస్తున్నాడో కూడా ముందుగానే ఖైదీలను సమావేశపరిచి చెప్పాడు. చెప్పకుండా వస్తే, బయటపడిన రోజున ఖైదీలు తనను జైలు అధికారుల గూఢచారి అనుకునే ప్రమాదం ఉంది. అలా చెప్పినందువల్ల ఒక నష్టం కలిగింది. అధికారులు ఆయనతో ప్రవర్తించిన తీరు మామూలు ఖైదీతో ప్రవర్తించే తీరు కాకపోవచ్చు. ఒక లాభం కూడా కలిగింది. ఖైదీలు ఆయనతో మనసు విప్పి మాట్లాడారు. బుట్టలల్లేటప్పుడు పక్కన కూర్చున్న ఖైదీతో సాగిన మాటల్లోంచే ఖైదీలు తమ క్రమశిక్షణను తామే చూసుకునే పరస్పర సంక్షేమ సంఘం ఆలోచన పుట్టింది. 1914 డిసెంబరులో ఆస్‌బోర్న్ సింగ్ సింగ్ జైలుకు వార్డెన్ అయ్యాడు.

అంటే బహిరంగంగా చూసినవాడికి కొన్ని సంగతులు కనపడకపోవచ్చు గానీ, రహస్యంగా చూసేవాడికి దొరకని నమ్మకం అతనికి దొరుకుతుంది. ఈ తూకాన్ని విద్యార్థులు మనసులో ఉంచుకోవాలి.

3. సగం తెరిచిన తలుపు: 1966 పోలీస్ అధ్యయనం

1960ల మధ్యలో అమెరికాలో పోలీసుల బలప్రయోగం పెద్ద వివాదమైంది. అధ్యక్షుడు నియమించిన కమిషన్ కోసం ఆల్బర్ట్ రైస్ అనే సామాజిక శాస్త్రవేత్త 1966లో ఒక భారీ అధ్యయనం చేశాడు. బోస్టన్, షికాగో, వాషింగ్టన్ నగరాల్లో 36 మంది పరిశీలకులు ఏడు వారాల పాటు పోలీసులతో పాటు గస్తీ తిరిగారు. పరిశీలకులు ఎదురుగానే ఉన్నారు. వారు పరిశోధకులని పోలీసులకు తెలుసు. కానీ ఏం పరిశోధిస్తున్నారో పూర్తిగా చెప్పలేదు. పోలీసుల పట్ల పౌరుల ప్రవర్తనను చూస్తున్నామని మాత్రమే చెప్పారు. అందువల్ల దీన్ని సగం రహస్యం అనాలి.

ఫలితం అందరినీ ఆశ్చర్యపరిచింది. పక్కన పరిశీలకుడు ఉండగానే 37 సందర్భాల్లో పోలీసులు అనవసరంగా బలప్రయోగం చేశారు. ఎవరైనా చూస్తుంటే మనిషి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడనే నమ్మకం పూర్తిగా నిజం కాదని తేలింది. రోజూ పక్కన కూర్చునేవాడు కొద్ది రోజులకే అలవాటైపోతాడు. కోపం వచ్చిన క్షణంలో పాత అలవాటే ముందుకు వస్తుంది.

ఈ అధ్యయనానికి ఉన్న పెద్ద బలం లెక్క. ఎంతోమంది పరిశీలకులు, మూడు నగరాలు, అందరికీ ఒకే రకం నమోదు పత్రాలు. ఒక్క మనిషి రహస్యంగా చూసి ఎంత బాగా రాసినా ఇలాంటి లెక్క ఇవ్వలేడు. తాను చూసింది అరుదైనదో, రోజువారీదో కూడా గట్టిగా చెప్పలేడు.

4. యూనిఫాం లోపలి పరిశోధకుడు

పూర్తి రహస్య పరిశీలనకు తరచుగా ఉదహరించే ఉదాహరణ ఇంగ్లండులో ఉంది. సైమన్ హోల్డవే అక్కడ పోలీసు ఉద్యోగి. ఉద్యోగంలో ఉండగానే విశ్వవిద్యాలయంలో చదువుకుని సార్జంటుగా స్టేషనుకు తిరిగి వచ్చాడు. 1970లలో తన సహోద్యోగులనే గమనిస్తూ, వారికి తెలియకుండా పరిశోధన సాగించాడు. దాని ఆధారంగా రాసిన పుస్తకం 1983లో వెలువడింది.

వేగంగా కారు నడపడం, వెంబడించడం, కొట్లాట లాంటి సంఘటనలకు పోలీసుల మధ్య ఎంత విలువ ఉందో ఆయన చూపించాడు. నియమావళి ఒకటి చెబుతుంటే, స్టేషన్ లోపల పాతవాళ్ళు కొత్తవాళ్ళకు నేర్పే అలిఖిత నియమాలు ఇంకొకటి చెబుతాయి. ఉద్యోగం ఎలా చేయాలో కొత్త పోలీసు నిజంగా నేర్చుకునేది ఈ రెండో బడిలోనే. ఇలాంటివి ప్రశ్నాపత్రం ఇచ్చి అడిగితే బయటికి రావు. అడిగినప్పుడు అందరూ నియమావళినే అప్పజెబుతారు.

తన పనిని హోల్డవే ఇలా సమర్థించుకున్నాడు. పోలీసు శాఖ బలమైన వ్యవస్థ. అనుమతి ఇవ్వడమూ మానడమూ దాని చేతిలోనే ఉంటే అది ఇష్టపడినంత మేరకే పరిశోధన జరుగుతుంది. అధికారం ఉన్నచోట పరిశీలన లేకపోతే ప్రజాస్వామ్యానికి నష్టం. ఈ వాదంలో బలం ఉంది. కానీ ఆయన మీద పడిన భారం కూడా తక్కువది కాదు. పక్కన కూర్చుని టీ తాగే స్నేహితుడి మాటలనే చాటుగా చీటీల మీద రాసుకోవాలి. పైగా ఆయన సార్జంటు. కింది ఉద్యోగి తప్పు చేస్తుంటే అడ్డుకోవడం ఆ హోదా బాధ్యత. అడ్డుకుంటే చూడవలసింది మారిపోతుంది, అడ్డుకోకపోతే తప్పులో భాగం దక్కుతుంది.

ఇరవై ఏళ్ళ తరువాత ఇదే ప్రశ్న టెలివిజన్ తెర మీదకు వచ్చింది. 1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుడు హత్యకు గురయ్యాడు. ఆ కేసు దర్యాప్తు తీరును పరిశీలించిన మక్‌ఫర్సన్ నివేదిక, లండన్ పోలీసు వ్యవస్థలో జాతి వివక్ష వేళ్ళూనుకుందని 1999లో తేల్చింది. ఆ తరువాత శిక్షణలో మార్పులు తెచ్చారు. ఆ మార్పులు మనసుల దాకా వెళ్ళాయా అని చూడటానికి బీబీసీ పాత్రికేయుడు మార్క్ డాలీ గ్రేటర్ మాంచెస్టర్ పోలీసు శాఖలో ఉద్యోగంలో చేరి, రహస్య కెమెరాతో శిక్షణ కేంద్రంలో గడిపాడు. తరగతిలో వల్లె వేసే మాటలకూ, సాయంత్రం గదిలో కొందరు శిక్షణార్థులు ఆసియా ప్రజల గురించి ఆడుకునే మాటలకూ పొంతన లేదని 2003 అక్టోబరులో ప్రసారమైన కార్యక్రమం చూపించింది. పలువురు పోలీసులు రాజీనామా చేశారు. జాతి సమానత్వ కమిషన్ పోలీసు శాఖ మీద విస్తృత విచారణ జరిపింది. అయితే ప్రసారానికి ముందే డాలీ అరెస్టయ్యాడు. మోసంతో ఉద్యోగం పొందాడనే ఆ కేసును తరువాత ఉపసంహరించారు. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన వేషం వేసినవాడికి చట్టం దారి వదలదని దీనివల్ల తెలుస్తుంది.

5. అనుమతి దొరకనప్పుడు

సింగ్ సింగ్ జైలు పేరు ఇంతకుముందు విన్నాం. 1990లలో టెడ్ కోనోవర్ అనే అమెరికన్ రచయిత జైలు ఉద్యోగుల జీవితం గురించి రాయాలనుకున్నాడు. శిక్షణలో ఉన్న ఒక కొత్త ఉద్యోగి వెంట ఉండి చూడటానికి అనుమతి అడిగాడు. న్యూయార్క్ జైళ్ళ శాఖ కాదంది. అప్పుడు ఆయనే ఉద్యోగానికి దరఖాస్తు చేసుకుని, శిక్షణ పొంది, 1997లో సింగ్ సింగ్‌లో వార్డరుగా చేరాడు. ఏడాది దగ్గర దగ్గరగా పనిచేసి 2000లో పుస్తకం ప్రచురించాడు.

ఆయన చూసింది ఖైదీల బాధలను ఒక్కటే కాదు. రోజంతా తిట్లు, బెదిరింపులు, భయం మధ్య గడిపే వార్డరు ఆ కోపాన్ని ఇంటికి ఎలా మోసుకువెళ్తాడో తన అనుభవంతోనే రాశాడు. నియమాలన్నిటినీ అక్షరాలా అమలు చేసే వార్డరు ఒక్క పూట కూడా జైలు నడపలేడని, ఏ నియమాన్ని ఎప్పుడు చూసీ చూడనట్టు వదలాలో తెలియడమే ఆ ఉద్యోగంలో నేర్పు అని గ్రహించాడు. బయటి నుంచి వచ్చిన సందర్శకుడికి ఇది అర్థం కావడం కష్టం.

ఇక్కడ క్రమం ముఖ్యం. కోనోవర్ మొదట బహిరంగ మార్గాన్నే ప్రయత్నించాడు. తలుపు మూశాకే వేరే దారి వెతికాడు. రహస్య పరిశీలన మొదటి మార్గంగా కాక చివరి మార్గంగా ఉండాలనే సూత్రానికి ఇది మంచి ఉదాహరణ.

6. బలహీనుల మీద దాగిన కన్ను

ఇంతవరకు చెప్పుకున్నవాటిలో పరిశీలకుడి చూపు ఎక్కువగా అధికారం ఉన్నవారి మీద ఉంది. అదే చూపు చట్టానికి భయపడి బతికేవారి మీద పడితే?

1960లలో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో లాడ్ హంఫ్రీస్ అనే పరిశోధకుడు ఒక అధ్యయనం చేశాడు. పురుషుల మధ్య స్వలింగ సంబంధాలను ఆనాటి చట్టం నేరంగా చూసేది. పార్కుల్లోని ఏకాంత స్థలాల్లో కలుసుకున్నందుకు ఎందరో అరెస్టయ్యేవారు. హంఫ్రీస్ అక్కడ కాపలా కాసేవాడిలా నటిస్తూ చూసినదాన్ని నమోదు చేశాడు. అంతటితో ఆగి ఉంటే వివాదం అంత పెద్దది కాకపోవును. వారి కార్ల నంబర్లు రాసుకున్నాడు. వాటి ద్వారా చిరునామాలు సంపాదించాడు. ఏడాది తరువాత వేషం మార్చి, ఆరోగ్య సర్వే పేరుతో వారి ఇళ్ళకు వెళ్ళి ఇంటర్వ్యూలు చేశాడు.

1970లో వెలువడిన ఆయన పుస్తకానికి అవార్డు వచ్చింది. వారిలో సగానికి పైగా పెళ్ళయి కుటుంబంతో ఉంటున్నవారని, సమాజానికి వారివల్ల ప్రమాదం లేదని, ఆ అరెస్టులకు అర్థం లేదని ఆయన అధ్యయనం సూచించింది. అంటే ఫలితం ఆ మనుషులకు అనుకూలంగానే వచ్చింది. కానీ ఆ పేర్ల జాబితా పోలీసుల చేతికి చిక్కి ఉంటే? వారి ఉద్యోగాలు, కుటుంబాలు, స్వేచ్ఛ అన్నీ ఒక పరిశోధకుడి పెట్టె తాళం మీద ఆధారపడి నిలిచాయి. ఆ ప్రమాదాన్ని ఒప్పుకుంటారా అని వారిని ఎవరూ అడగలేదు. ఆయన జాబితాను తరువాత నాశనం చేశాడు. అయినా ఒకరి జీవితాన్ని వారికి తెలియకుండా పణం పెట్టే హక్కు పరిశోధకుడికి ఎక్కడిదన్న ప్రశ్న నిలిచిపోయింది. పరిశోధన నీతి గురించి చెప్పే తరగతుల్లో ఈ అధ్యయనాన్ని ఇప్పటికీ చర్చిస్తారు.

7. సరిచూడలేని సాక్ష్యం

సమ్మతి ఒక సమస్య అయితే, నిర్ధారణ ఇంకొకటి. జైలు కాకపోయినా జైలులాగే తలుపులు మూసి ఉండే సంస్థ మానసిక వైద్యశాల. 1973లో డేవిడ్ రోజెన్‌హాన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక సంచలన వ్యాసం ప్రచురించాడు. ఆరోగ్యవంతులైన ఎనిమిది మంది రోగులుగా నటించి 12 ఆసుపత్రుల్లో చేరారని, వైద్యులు వారిని పోల్చుకోలేకపోయారని అందులో రాశాడు. దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకాలు దీన్ని ఉదహరించాయి. తరువాత సుసానా కహాలన్ అనే పాత్రికేయురాలు ఆ ఎనిమిది మంది కోసం వెతికింది. చాలామంది జాడ దొరకలేదు. రోజెన్‌హాన్ సొంత ఆసుపత్రి రికార్డుకూ, ఆయన రాసినదానికీ తేడాలు కనిపించాయి.

రహస్యంగా చూసినవాడు పేర్లు చెప్పడు, చోటు చెప్పడు, ఇంకొకరిని వెంట తీసుకువెళ్ళడు. అందుచేత అతని మాట తప్ప మరో ఆధారం ఉండదు. ఏ రహస్యం అతన్ని లోపలికి పంపిందో ఆ రహస్యమే అతని సాక్ష్యాన్ని బలహీనపరుస్తుంది. ముగ్గురి మాట కలిస్తేనే నమ్మాలన్న అర్థశాస్త్ర నియమం గుర్తుకు రావడం ఇందుకే.

8. భారతదేశ అనుభవం

మన దేశంలో ఈ విషయానికి సంబంధించిన మలుపుల్లో మొదటిది బహిరంగ పరిశీలన వల్లే వచ్చింది. జాతీయ పోలీస్ కమిషన్ సభ్యుడు కె.ఎఫ్. రుస్తుంజీ బీహార్ జైళ్ళను సందర్శించి, అక్కడి విచారణ ఖైదీల స్థితి మీద 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో రాశారు. తమ మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్ష కంటే ఎక్కువ కాలం, విచారణే జరగకుండా జైలులో ఉన్నవారు వారిలో ఉన్నారు. న్యాయవాది కపిలా హింగోరాణి దాని ఆధారంగా సుప్రీంకోర్టుకు వెళ్ళారు. హుస్సేనారా ఖాతూన్ కేసుగా పేరొందిన ఆ వ్యాజ్యంలో, సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణం కింద ప్రాథమిక హక్కేనని కోర్టు చెప్పింది. ఇందుకు ఏ మారువేషమూ అవసరం కాలేదు. నిజం జైలు రిజిస్టరులోనే ఉంది. చదివి చెప్పేవారు కావలసివచ్చింది.

తెలుగువారికి బాగా తెలిసిన మరో బహిరంగ పద్ధతి నిజనిర్ధారణ. అత్యవసర పరిస్థితి కాలంలో ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఎన్‌కౌంటర్ల మీద 1977లో వి.ఎం. తార్కుండే నాయకత్వంలోని కమిటీ విచారించింది. సభ్యులు తామెవరో చెప్పుకునే ప్రజలను కలిసి సాక్ష్యాలు సేకరించారు. అదే ఏడాది ప్రభుత్వం జస్టిస్ వశిష్ఠ భార్గవ అధ్యక్షతన విచారణ కమిషన్‌ను నియమించవలసి వచ్చింది. సాక్షులు నోరు విప్పడానికి సిద్ధంగా ఉన్నచోట, వారి నమ్మకమే పరిశీలకుడి పెట్టుబడి.

ఇక రహస్య మార్గం. 1981లో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ విలేకరి అశ్వినీ సరీన్ మధ్యప్రదేశ్‌లో ఒక స్త్రీని 2,300 రూపాయలకు కొని, మనుషుల అమ్మకం జరుగుతోందని రుజువు చేశారు. చట్టాన్ని అమలు చేయవలసినవారి కళ్ళ ముందే సాగుతున్న వ్యాపారం దేశానికి తెలిసింది. అదే సంఘటన నుంచి పుట్టిన విజయ్ తెండూల్కర్ మరాఠీ నాటకం కమల మరో ప్రశ్న వేసింది. నాటకంలో ఆ స్త్రీ విలేకరి భార్యను, ఆయన నిన్నెంతకు కొన్నాడని అమాయకంగా అడుగుతుంది. రుజువు కోసం తెచ్చిన మనిషి చివరికి ఒక రుజువుగానే మిగిలిపోయిందా? పరిశీలకుడు చెయ్యి పెట్టిన ప్రతిచోటా ఈ ప్రశ్న ఉంటుంది.

2007లో ఒకే నగరంలో, కొద్ది నెలల తేడాతో జరిగిన రెండు సంఘటనలు ఈ పద్ధతికి ఉన్న రెండు ముఖాలనూ చూపాయి. ఆ ఏడాది మే నెలలో ఢిల్లీలోని ఒక కారు ప్రమాదం కేసులో నిందితుడి తరఫు న్యాయవాది, ప్రాసిక్యూషన్ న్యాయవాది కీలక సాక్షితో కుమ్మక్కవుతున్న తీరును ఒక టెలివిజన్ ఛానల్ రహస్య కెమెరాతో బయటపెట్టింది. ఇలాంటి బేరం ఏ కోర్టు రికార్డులోనూ కనపడదు. నిందితుడి తరఫు న్యాయవాది కోర్టు ధిక్కారానికి పాల్పడ్డాడన్న తీర్పును సుప్రీంకోర్టు 2009లో సమర్థించింది. ఆ ప్రసారం ప్రజా ప్రయోజనానికే తోడ్పడిందని కూడా పేర్కొంది.

మూడు నెలలు తిరగకుండానే, ఆగస్టులో, అదే ఢిల్లీలో మరో ఛానల్ ఒక ఉపాధ్యాయురాలి మీద స్టింగ్ ప్రసారం చేసింది. విద్యార్థినులను వ్యభిచారంలోకి దించుతోందని ఆరోపణ. గుంపు ఆమె మీద దాడి చేసింది. దర్యాప్తులో ఆ స్టింగ్ కల్పితమని, విద్యార్థినిగా చూపించిన యువతి నిజానికి విద్యార్థిని కాదని తేలింది. ఢిల్లీ హైకోర్టు తనంతట తానుగా విచారణకు తీసుకుని, ఇలాంటి ప్రసారాలకు పాటించవలసిన జాగ్రత్తలను ఆ డిసెంబరులో సూచించింది. ఛానల్ ప్రసారాలు ఒక నెల నిలిపివేశారు. కెమెరా అబద్ధం చెప్పదనేవారు, కెమెరా పట్టుకున్నవాడు చెప్పగలడని మరిచిపోకూడదు.

లంచం ఇచ్చినట్టు నటించిన స్టింగ్ నిర్వాహకుడికి ఆపాటికే చట్టం నుంచి మినహాయింపు దొరకదని, అతని ఉద్దేశాన్ని సాక్ష్యాల ద్వారా తేల్చాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. ఈ రెంటి తరువాత మన దేశంలో రహస్య పరిశీలనకు ఎవరు పూనుకున్నా, ప్రజా ప్రయోజనం అన్న ఒక్క మాట చాలదు.

9. తూచి చూస్తే

రహస్య పరిశీలన బలం ఒక్క మాటలో చెప్పవచ్చు. చూస్తున్నారని తెలియనివారు నటించరు. మాటకూ చేతకూ మధ్య దూరాన్ని, రాయని నియమాలను, రికార్డుకెక్కని బేరాలను చూపడంలో దీనికి సాటి వచ్చే పద్ధతి తక్కువ. అనుమతి ఇచ్చే అధికారం పరిశీలన జరగవలసిన సంస్థ చేతిలోనే ఉన్నప్పుడు ఒక్కోసారి ఇదే మిగిలిన దారి.

పరిమితులు నాలుగు. మొదటిది, చూడబడుతున్నవారి సమ్మతి లేదు. రెండోది, చూసినదాన్ని మరొకరు సరిచూడటం కష్టం. మూడోది, ఒకరు ఒకచోట చూసింది ఎంత విస్తారమైనదో లెక్క తేలదు. నాలుగోది, పరిశీలకుడు తానే సంఘటనలో భాగమవుతాడు. నేరం జరుగుతుంటే ఆపాలా, చూస్తూ ఊరుకోవాలా అన్న సంకటం అతన్ని వదలదు.

ఈ ఉదాహరణలన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి స్పష్టమవుతుంది. పద్ధతి మంచిదా చెడ్డదా అనే ప్రశ్నకు ముందు, చూపు ఎవరి మీద అని అడగాలి. అధికారంలో ఉన్నవాడు తన విధి ఎలా నిర్వహిస్తున్నాడో చూడటం ఒక ఎత్తు. తప్పించుకునే దారి లేని ఖైదీని, నిందితుణ్ణి, అట్టడుగు మనిషిని వారికి తెలియకుండా చూడటం మరో ఎత్తు. మొదటివాడు ప్రజలకు జవాబు చెప్పవలసినవాడు. రెండోవాడి మీద ఇప్పటికే ఎన్నో కళ్ళున్నాయి. సింగ్ సింగ్ వార్డరుగా మారిన రచయితకూ, కార్ల నంబర్లు రాసుకున్న పరిశోధకుడికీ మధ్య తేడా ఇక్కడే ఉంది.

అందుకే రహస్య పరిశీలనకు పూనుకునేవారు ముందుగా కొన్ని ప్రశ్నలకు జవాబు వెతుక్కోవాలి. ఈ నిజం రికార్డుల్లో దొరకదా? అనుమతి అడిగి చూశామా? మన వల్ల దెబ్బతినేది బలవంతుడా, బలహీనుడా? వారి పేర్లు బయటపడకుండా ఏం చేశాం? మనం చెప్పేదాన్ని మరో దారిన సరిచూసే వీలుందా? వీటిలో ఏ ఒక్కదానికి సరైన జవాబు లేకపోయినా ఆగి ఆలోచించవలసిందే.

ఒక్కరి రహస్య దృష్టి మీద సమాజం ఎల్లకాలం ఆధారపడకూడదు. ఎప్పుడూ తెరిచి ఉండే కళ్ళు కావాలి. అరెస్టు సమయంలో పాటించవలసిన నియమాలను 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు నిర్దేశించింది. ప్రతి పోలీస్ స్టేషన్‌లోనూ సీసీటీవీ కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో ఆదేశించింది. కెమెరాలు సరిగా పనిచేయని సంగతిని 2025లో తనంతట తానే విచారణకు తీసుకుంది. 2022 జాతీయ గణాంకాల ప్రకారం మన జైళ్ళలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురు విచారణ ఖైదీలే. అంటే నేరం ఇంకా రుజువు కానివారు. వారి మామూలు రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవడం మనందరి బాధ్యత. తనిఖీ రోజుకూ, మామూలు రోజుకూ తేడా లేని వ్యవస్థను నిర్మించుకోగలిగితే అక్కడికి మారువేషంలో వెళ్ళే అవసరం తగ్గుతుంది. అంతవరకూ ఆ అవసరం ఉంటుంది. దాన్ని వాడుకునేవారికి జాగ్రత్త కూడా అంతే అవసరం.